తెరుచుకోని డైలాగ్ బాక్స్: ఎక్సెల్ మాక్రోలలో 1004 దోషం, దాని పర్యవసానం

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వెలువడిన నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలను చిత్తూరు జిల్లా మెట్ట భూములలో ఇతర రకాలతో పోల్చే ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. రకాలు 6, పునరావృత్తులు 4, మొత్తం మడులు 24. ప్రతి పునరావృత్తిలోనూ రకాల స్థానం యాదృచ్ఛికం కనుక కాయ దిగుబడులు పొలంలోని మడుల క్రమంలోనే పట్టికకెక్కుతాయి. విశ్లేషణ చేసే మాక్రోకు మాత్రం అవి పునరావృత్తి వారీగా, అందులో రకం వారీగా కావాలి. అందువల్ల కొన్ని మాక్రోలు ముందుగా సార్ట్ డైలాగ్ బాక్స్‌ను తెరుస్తాయి.

అది తెరుచుకోనప్పుడు 1004 దోషం కనిపిస్తుంది. మాక్రో చెడిపోయిందని భావించి ఎక్సెల్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడం వృథా శ్రమ. సంబంధిత ఆదేశం ఆ క్షణంలో అందుబాటులో ఉంటేనే ఎక్సెల్ తన డైలాగ్ బాక్స్‌ను చూపుతుంది. షీటుకు రక్షణ ఉన్నా, గడులకు బదులు చార్టు ఎంపికై ఉన్నా, వర్క్‌బుక్ ఏదీ తెరిచి లేకున్నా సార్ట్ పనిచేయదు. చేతితో నొక్కితే పలకని ఆదేశం మాక్రో పిలిచినా పలకదు. కాబట్టి దోషం వచ్చిన స్థితిలోనే మాక్రోను ఆపి, డేటా ట్యాబులో సార్ట్ మసకబారి ఉందేమో చూస్తే కారణం చాలావరకు తేలిపోతుంది.

అసలు ప్రమాదం దోష సందేశంలో లేదు, దానిని అణచివేయడంలో ఉంది. విద్యార్థులు తరచుగా మాక్రో మొదట్లోనే ‘ఆన్ ఎర్రర్ రెస్యూమ్ నెక్స్ట్’ అని వ్రాసి ఊరుకుంటారు. అప్పుడు సార్ట్ జరగకుండానే లెక్క ముందుకు సాగుతుంది. మొత్తం సగటు సరిపోతుంది, పునరావృత్తుల మొత్తాలు సరిపోతాయి, దోషపు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ కూడా 15గానే ఉంటుంది. రకాల సగటులు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎఫ్ విలువ, క్రిటికల్ డిఫరెన్స్ రెండూ తప్పుతాయి. పైకి ఏ అనుమానమూ రాదు. ఆ పట్టిక ఆధారంగానే రైతుకు రకం సిఫారసు అవుతుంది.

ఈ పనికి డైలాగ్ బాక్స్ అవసరమే లేదు. కావలసిన క్రమం ముందే తెలుసు కనుక రేంజ్‌కు గల సార్ట్ పద్ధతిలో పునరావృత్తిని మొదటి కీగా, రకాన్ని రెండవ కీగా ఇస్తే సరిపోతుంది. రక్షిత షీటు అయితే మాక్రోయే రక్షణను తొలగించి, పని ముగిశాక తిరిగి పెట్టాలి. డైలాగ్ బాక్స్ తప్పనిసరి అయిన చోట ఎంపికలో ఉన్నది గడులేనా, షీటుకు రక్షణ ఉందా అని ముందుగా పరీక్షించాలి. షో పద్ధతి ఓకే నొక్కితే ట్రూ, క్యాన్సిల్ నొక్కితే ఫాల్స్ తిరిగి ఇస్తుంది. ఫాల్స్ వస్తే విశ్లేషణను కొనసాగనీయరాదు. దోషాన్ని దాటవేసే ఆదేశం తప్పదనుకుంటే దానిని ఆ ఒక్క పంక్తికే పరిమితం చేసి, వెంటనే దోష సంఖ్యను చూడాలి.

ఏ మార్గం అనుసరించినా సార్ట్ తరువాత మరొక చిన్న పరీక్ష చేర్చడం మేలు: దత్తాంశంలోని మొదటి 6 వరుసలలో రకాల సంకేతాలు 1 నుండి 6 వరకు వరుసగా లేకున్నా, 7వ వరుసలో మళ్లీ మొదటి రకం రాకున్నా మాక్రో అక్కడే ఆగిపోవాలి.