కాళ్ళ అలసటకు కారణం వెదకండి



మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఒకప్పుడు సైకిలంటే పాలు పోయడానికో, పొలానికో వెళ్ళే బండి. ఈనాడు ఆరోగ్యం కోసం, సరదా కోసం తొక్కేవారూ ఉన్నారు. అట్టివారిలో కొందరికి ఒక సంగతి అంతుపట్టదు. నిన్నమొన్నటి దాకా సులువుగా ఎక్కిన ఎత్తు దగ్గర ఇప్పుడు దిగి నడవవలసి వస్తుంది. తొడలు బరువెక్కుతాయి. ఇంట్లోవారు “వయసు మీద పడింది” అనో, “బద్ధకం” అనో తేల్చేస్తారు. అలా తొందరపడకూడదు.

మొదట సైకిలును చూడండి. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు చక్రానికి రాసుకుంటున్నా, సీటు మరీ కిందికి ఉన్నా కాళ్ళకు పని పెరుగుతుంది. తర్వాత విశ్రాంతిని చూడండి. రోజూ శక్తికి మించి తొక్కి, చాలినంత తినక, నిద్రపోక ఉంటే బలం పెరగదు, తరుగుతుంది. వారం పదిరోజులు తగ్గించి తొక్కితే తేడా తెలుస్తుంది.

అప్పటికీ తీరకపోతే రక్తపరీక్ష అవసరం. కండరాలకు ప్రాణవాయువును మోసేది హీమోగ్లోబిన్. అది పురుషులలో 13, స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం రక్తహీనులే. కాబట్టి ఇది ఆడవారి జబ్బు మాత్రమే అనుకోవద్దు. షుగరు, థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాగే అలసట తెస్తాయి.

మరొక కారణం అరుదైనది. ఇటలీకి చెందిన ఫాబియో ఆరూ 2015లో స్పెయిన్ దేశపు పెద్ద సైకిలు పందెం గెలిచాడు. 2018లో బాగా వెనుకబడ్డాడు. 2019లో అతని ఎడమకాలికి రక్తం తీసుకుపోయే నాళం ఇరుకైనట్టు బయటపడింది. ఆపరేషన్ జరిగింది. అదే సంవత్సరం జూలైలో టూర్ ద ఫ్రాన్స్ పందెం 14వ స్థానంలో ముగించాడు. ఏళ్ళ తరబడి వంగి, వేగంగా తొక్కేవారిలో తొడ మొదట్లో ఆ నాళం మడతపడి, గోడ మందమవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి బాగానే ఉండవచ్చు. అందుకే శ్రమ చేయించిన వెంటనే చీలమండ దగ్గర రక్తపోటు చూస్తారు.

మన ఊళ్ళలో అంతకన్న ఎక్కువగా నాళాలను మూసేది బీడీ, సిగరెట్టు, షుగరు. కొంతదూరం నడిచేసరికి పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే అశ్రద్ధ చేయవద్దు. కాలు చల్లబడి రంగు మారినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

డాక్టరు దగ్గర “నీరసం” అని ఊరుకోవద్దు. ఒక కాలా, రెండు కాళ్ళా, ఎంత దూరానికి మొదలై ఎంతసేపటికి తగ్గుతుంది అన్నది చెప్పండి. ఇంట్లో ఎవరైనా “కాళ్ళు ఆడటం లేదు” అంటే నవ్వి తీసివేయక, వెంట తీసుకువెళ్ళండి.