గోడ ఉన్న ఆట, గోడ లేని ఆట

1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టిన పికిల్‌బాల్‌కూ, 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్క్వేరా తన ఇంటి ఆవరణలో రూపొందించిన పాడెల్‌కూ తీగలు లేని బ్యాటు ఉమ్మడిదే అయినా, అసలు తేడా గోడ దగ్గర మొదలవుతుంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల పాడెల్ కోర్టు చుట్టూ అద్దపు గోడలు, లోహపు జాలీ ఉంటాయి. బంతి నేలపై ఒకసారి పడి వెనుక గోడను తాకి వచ్చినా, మళ్లీ నేలను తాకకముందే కొట్టవచ్చు గనుక, టెన్నిస్‌లో చేజారిపోయే బంతి ఇక్కడ మరో అవకాశమవుతుంది. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టంతే ఉండే పికిల్‌బాల్ కోర్టులో రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతి నెమ్మదిగా వస్తుంది. వలకు ఇరువైపులా 7 అడుగుల మేర 'కిచెన్' అని పిలిచే భాగంలో నిలబడి, నేలను తాకని బంతిని కొట్టకూడదన్న నియమం బలం కంటే ఓర్పుకే పెద్దపీట వేస్తుంది. చదునైన గచ్చు మీద గీతలు గీసి వల కడితే చాలు గనుక, ఖర్చులో పికిల్‌బాలే నయం.