మీకు తెలుసా? చంద్రయానపు లెక్క వెనక ఉన్న హంగరీ ప్రొఫెసర్

ఫ్లైఓవర్ కింద ఉపగ్రహాల సంకేతం తడబడినా, ఫోన్ మ్యాపులో మనమున్న చోటు చూపే నీలి చుక్క చాలాసార్లు దారి మీదే సాగుతుంది. అలాంటి పనుల వెనక ఉండే లెక్కల్లో ఒక పెద్దది 1960 మార్చిలో అచ్చయింది. పేరు కాల్మన్ ఫిల్టర్. అప్పటికి దాన్ని రాసిన రుడాల్ఫ్ కాల్మన్‌కు ముప్పయ్యేళ్లు నిండలేదు. కంట్రోల్ థియరీ చదివే ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ ఆ పేరు తెలుసు. ఆ మనిషి సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

● కాల్మన్ 1930 మే 19న బుడాపెస్ట్‌లో పుట్టారు. తండ్రి ఎలక్ట్రికల్ ఇంజినీరు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1943లో ఆ కుటుంబం హంగరీ వదిలి, చివరికి అమెరికాలో ఉక్కు మిల్లుల ఊరైన యంగ్స్‌టౌన్ చేరింది. కుర్రాడు మొదట ఆ ఊరి కాలేజీలో చదివి, తర్వాత ఎంఐటీకి వెళ్లి 1953లో డిగ్రీ, మరుసటి ఏడే మాస్టర్స్ పూర్తిచేశాడు.

● కొలంబియా యూనివర్సిటీలో కాల్మన్ డాక్టరేట్‌కు గైడు జాన్ రగజీని. ఆయన న్యూయార్క్‌లో పుట్టిన ఇటాలియన్ వలసదారుల బిడ్డ. బాకూలో పుట్టి టెహరాన్‌లో పెరిగి, 1965లో ఫజ్జీ సెట్లను ప్రతిపాదించిన లాట్ఫీ జాదే కూడా ఆయన శిష్యుడే. బాగ్దాద్‌లో పుట్టిన ఎలియాహు జ్యూరీదీ అదే గురుకులం. ఒకే గురువు దగ్గర మూడు దేశాల నుంచి వచ్చిన ముగ్గురూ కంట్రోల్ శాస్త్రానికి మూలస్తంభాలయ్యారు. గురువు గొప్పతనానికి ఇంతకన్నా పెద్ద రుజువు నాకు తోచదు.

● 1958లో కాల్మన్ చేరింది యూనివర్సిటీలో కాదు. విమానాలు తయారుచేసే మార్టిన్ కంపెనీ బాల్టిమోర్‌లో నడిపిన పరిశోధనా సంస్థలో. అక్కడి గణిత బృందానికి పెద్ద సాలమన్ లెఫ్‌షెట్జ్. మాస్కోలో పుట్టి, పారిస్‌లో ఇంజినీరింగ్ చదివి, అమెరికా వచ్చి, ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు చేతులూ పోగొట్టుకుని, ఆ తర్వాత గణితంలోకి మళ్లిన మనిషి ఆయన. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక, రిటైరయిన వయసులో మళ్లీ పనిలోకి దిగారు. కాల్మన్‌కు నచ్చిన పని చేసుకునే స్వేచ్ఛ దొరికింది అక్కడే.

● ఫిల్టర్ ఆలోచన ఆగిన రైల్లో తట్టింది. 1958 నవంబరు చివర్లో కాల్మన్ ప్రిన్స్‌టన్ నుంచి బాల్టిమోర్‌కు తిరిగొస్తున్నారు. రాత్రి పదకొండు ప్రాంతంలో రైలు ఊరి బయటే గంటసేపు నిలిచిపోయింది. తప్పులు కలిసిన కొలతల్లోంచి నిజాన్ని అంచనా కట్టడంలో అప్పటిదాకా చివరి మాట నార్బర్ట్ వీనర్‌ది. యుద్ధకాలంలో శత్రువిమానం కాసేపట్లో ఎక్కడుంటుందో అంచనా కట్టడానికి ఆయన ఒక సిద్ధాంతం కట్టారు. ఆ సిద్ధాంతానికి, అప్పటిదాకా వచ్చిన సంకేతం చరిత్రంతా కావాలి. ఆ చరిత్రంతా ఎందుకు, వ్యవస్థ ఈ క్షణాన ఉన్న స్థితిని పట్టుకుంటే చాలదా అన్నదే కాల్మన్‌కు తట్టిన ప్రశ్న. ఆయన ప్రతిభంతా ఈ ప్రశ్న మార్చడంలోనే ఉందని నా నమ్మకం. జవాబు దాని వెంటే నడిచి వచ్చింది.

● ఆ లెక్క చిన్న ఉదాహరణలో ఇలా ఉంటుంది. బండి 100 మీటర్ల దగ్గర ఉండాలని మన అంచనా, అందులో సుమారు 3 మీటర్ల తేడా ఉండొచ్చు. పరికరమేమో 110 అంటోంది, కానీ దాని తేడా 6 మీటర్లు. ఎవరిని నమ్మాలి? ఇద్దరినీ నమ్మాలి, కానీ సమానంగా కాదు. తేడాల వర్గాలు 9, 36. వర్గం నాలుగో వంతున్నదానికి నాలుగింతల బరువు. కాబట్టి అంచనాకు 80 శాతం, పరికరానికి 20 శాతం బరువు ఇస్తే 102 వస్తుంది. ఇప్పుడు తేడా సుమారు 2.7 మీటర్లే. అంటే రెండు నమ్మకం చాలని మాటలు కలిసి, విడివిడిగా ఏ ఒక్కదానికన్నా మంచి మాట చెప్పాయి. తర్వాతి కొలత రాగానే ఈ 102 నుంచే మళ్లీ మొదలు. పాతవన్నీ దాచుకోనక్కర్లేదు.

● ఎలక్ట్రికల్ ఇంజినీరు రాసిన ఈ ఫిల్టర్ వ్యాసం మెకానికల్ ఇంజినీర్ల పత్రికలో వచ్చింది. పాతుకుపోయిన అభిప్రాయాలున్న చోటికి ఎదురుగా వెళ్లకుండా పక్క గుమ్మంలోంచి వెళ్లడమే మేలని కాల్మన్ ఎంచుకున్న దారి అది. తర్వాత రిచర్డ్ బ్యూసీతో కలిసి రాసిన వ్యాసాన్ని ఒక ఎలక్ట్రికల్ పత్రిక మొదట తిప్పి పంపింది కూడా. రుజువులో ఒక మెట్టు నిజమయ్యే అవకాశమే లేదని సమీక్షకుడి అభ్యంతరం. ఆ మెట్టు నిజమే. 1961లో అది కూడా మెకానికల్ పత్రికలోనే అచ్చయింది.

● అదే 1960లో ఆయన మరో రెండు మూలవ్యాసాలు ఇచ్చారు. ఒకటి మెక్సికో గణిత సంఘం పత్రికలో, ఇంకొకటి మాస్కోలో జరిగిన మొదటి అంతర్జాతీయ ఆటోమేటిక్ కంట్రోల్ మహాసభలో. ప్రచ్ఛన్నయుద్ధం ముమ్మరంగా ఉన్న రోజుల్లో, అమెరికా నుంచి వెళ్లి!

● మాస్కో వ్యాసంలోని ఒక భావన ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లోకి వచ్చేసింది. బయట కొలిచిన దాన్నిబట్టి లోపలి స్థితినంతా తెలుసుకోగలమా అన్న పరీక్ష అది. కారు ఎక్కడుందో క్షణక్షణం కొలుస్తుంటే దాని వేగం మనమే కట్టొచ్చు. వేగం ఒక్కటే తెలిస్తే, ఎక్కడ బయల్దేరిందో ఎన్నేళ్లు చూసినా తేలదు. ఏ పరికరం ఎక్కడ పెట్టాలో ముందే చెప్పేసే పరీక్ష ఇది.

● చంద్రుడి దారిలో ఫిల్టర్ లెక్కను దించినవాడు స్టాన్లీ ష్మిట్, కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ కేంద్రం ఇంజినీరు. కాల్మన్ సిద్ధాంతం సరళ సమీకరణాలది, అంతరిక్ష నౌక దారి అలాంటిది కాదు. ష్మిట్ బృందం తాజా అంచనా చుట్టూ ఉన్న చిన్న ముక్కను సరళంగా భావించి ముందుకు సాగింది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌక కంప్యూటర్లో మార్చి రాసుకునే జ్ఞాపకం 2,048 పదాలే, ఒక్కో పదంలో పనికొచ్చేవి 15 బిట్లే. పాత కొలతలు దాచనక్కర్లేని లెక్క కనకే అందులో ఇమిడింది. అంత చిన్న పదాలతో లెక్క చెడకుండా జేమ్స్ పాటర్ దానికి వర్గమూలాల రూపం కట్టారు. పేరు కాల్మన్‌దే అయినా, ఈ ఇద్దరి పనినీ మరవకూడదు.

● కాల్మన్ తర్వాతి మజిలీలు 1964లో స్టాన్‌ఫర్డ్, 1971లో ఫ్లోరిడా యూనివర్సిటీ. 1973 నుంచి జూరిక్ ఈటీహెచ్‌లోనూ ప్రొఫెసర్. ఏళ్ల తరబడి రెండు ఖండాల్లో ఉద్యోగం!

● 1985లో క్యోటో బహుమతి మొదలైనప్పుడు తొలి ఏటి ముగ్గురిలో కాల్మన్ ఒకరు. మిగతా ఇద్దరు సమాచార సిద్ధాంతం ఇచ్చిన క్లాడ్ షానన్, ఫ్రెంచ్ సంగీతకారుడు ఒలివియే మెస్సియాన్. 2009లో ఒబామా చేతుల మీదుగా అమెరికా జాతీయ సైన్స్ పతకం అందుకున్నారు. 2016 జులై 2న ఫ్లోరిడాలో కన్నుమూశారు.

● చివరి దశాబ్దాల్లో ఆయన వాదన చాలామందిని ఇబ్బంది పెట్టింది. కొలతల్లోని తప్పులు ఫలానా సంభావ్యత సూత్రం ప్రకారమే వస్తాయని ఆధారం లేకుండా ముందే అనుకోవడం శాస్త్రం కాదు, ముందస్తు అభిప్రాయం అన్నారు. నమూనా డేటాలోంచే రావాలని పట్టుబట్టారు. తన పేరుతో ప్రపంచమంతా వాడే ఫిల్టర్ కూడా తప్పుల తీరును ముందే ఊహించుకుని బయల్దేరేదే. అయినా ఆ ప్రశ్న అడగడం ఆయన మానలేదు.