షెడ్డు కడిగిన పేడనీళ్ళు నేరుగా గడ్డి కయ్యకు: 49 వేలలో మా స్లర్రీ ఏర్పాటు



మాది చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు. ఏడు హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులు, ఒక నాటు ఆవు ఉన్నాయి. ఎకరన్నరలో సూపర్ నేపియర్ గడ్డి, మిగతా పొలంలో టమాటా, వేరుశనగ పెడతాం. "షెడ్డు కడిగిన నీళ్ళు ఏం చేస్తున్నారు?" అని చాలామంది అడుగుతున్నారు. పంపు ఎలా నడుస్తుందో వీడియోలో చూపించాను. కొలతలు, ఖర్చు, నేను చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూసి గుంట తవ్వడం మొదలుపెట్టేవాళ్ళు, కింద గ్యాసు గురించి రాసింది మాత్రం తప్పకుండా చదవండి.

ఎందుకు మొదలుపెట్టానంటే

ముందు మేమూ అందరిలాగే పేడ ఎత్తి దిబ్బలో వేసేవాళ్ళం. మూత్రం, కడిగిన నీళ్ళు షెడ్డు వెనక కాలవలోకి పోయేవి. ఒక వానాకాలం పక్క పొలం అన్న వచ్చి, "తమ్ముడూ, మా బావి నీళ్ళు కంపు కొడతా ఉండాయి, ఎద్దులు కూడా మూతి పెట్టడం లేదు" అన్నాడు. మా షెడ్డు మెరకలో ఉంది, వాళ్ళ బావి పల్లంలో ఉంది. ఆయన గొడవ పడలేదు, అరవలేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

ఇంకో సంగతి. అదే సమయంలో గడ్డికి బలం చాలడం లేదని నేను వానపాముల ఎరువు కొంటున్నా! ఆవు మేసిన మేతలోని నత్రజనిలో పెద్ద భాగం, పొటాష్‌లో ఇంకా ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి వస్తుంది. మనం పేడ జాగ్రత్తగా ఎత్తి, మూత్రాన్ని కాలవలో వదిలేస్తున్నాం. నా ఎరువు పక్కాయన బావిలోకి పోతోంది, నేను డబ్బు పెట్టి ఎరువు కొంటున్నా.

ముందు లెక్క వేసుకోండి

గుంట ఎంత కావాలో అంచనా లేకుండా తవ్వొద్దు. మా ఎనిమిది ఆవులకు రోజుకు మూత్రం సుమారు 100 లీటర్లు, కడిగే నీళ్ళు 300 లీటర్లు. పేడలో సగం ఘనజీవామృతానికి, దిబ్బకు ఎత్తేస్తాం. మిగతా 100 కిలోలు నీళ్ళతో పాటు పోతుంది. మొత్తం రోజుకు 500 లీటర్లు, వారానికి 3,500 లీటర్లు. వారానికి ఒకసారి పారించాలంటే అంత నిలవ పట్టాలి.

షెడ్డు పైకప్పు మీద పడే వాన నీళ్ళు గుంటలోకి రాకూడదు. వాటికి వేరే దారి పెట్టండి. లేకపోతే ఒక్క పెద్ద వానకే గుంట పొంగిపోతుంది.

గుంటలు

నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు సిమెంటు వరలు వాడాను. ఒక్కో వరలో 350 లీటర్లు పడతాయి. గుంటకు ఆరు చొప్పున రెండు గుంటలు. పై అర అడుగు నేలపైకి ఉంచాను. అడుగున కాంక్రీటు పోసి, వరల అతుకులన్నీ సిమెంటుతో పూడ్చాం. మంచినీళ్ళు పోసి రెండు రోజులు చూసి, మట్టం తగ్గలేదని తెలిశాకే పేడనీళ్ళు వదిలాం. గుంట కారితే మళ్ళీ బావిలోకే కదా పోయేది!

రెండు గుంటలను అడుగుకు కాస్త పైన ఆరంగుళాల పైపుతో కలిపాం. షెడ్డు కాలవ మొదటి గుంటలో పడుతుంది, పంపు రెండో గుంటలో ఉంటుంది. కాలవ చివర ఇనుప జాలీ పెట్టి, తినకుండా వదిలేసిన గడ్డి పుల్లలు అక్కడే ఆగేలా చేశాం. రోజూ జాలీ శుభ్రం చేయడం రెండు నిమిషాల పని. అది మానేస్తే పంపు మానేస్తుంది.

పంపు, పైపు

మొదట ఇంట్లో ఉన్న మామూలు మోనోబ్లాక్ మోటారు పెట్టి చూశాను. పావుగంటలో గడ్డి పీచు చుట్టుకుని ఆగిపోయింది. తర్వాత రెండు హెచ్‌పి మడ్ పంపు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పంపు పైన ఒక టీ వేసి రెండు గేట్ వాల్వులు పెట్టాం. ఒకటి పొలానికి పోయే పైపుకు, ఇంకోటి మొదటి గుంటలోకి తిరిగి వచ్చే పైపుకు. ముందు పొలం వాల్వు మూసి, పది నిమిషాలు స్లర్రీని గుంటలోకే తిప్పుతాం. అడుగున పేరుకున్న పేడంతా లేచి కలుస్తుంది. కలిపే మెషిన్ వేరే కొనాల్సిన పని లేదు.

పొలానికి రెండున్నర అంగుళాల ఫ్లాట్ పైపు 80 మీటర్లు. చుట్ట చుట్టి షెడ్డులో పెట్టుకోవచ్చు.

పారించే పద్ధతి

గడ్డిని ఏడు కయ్యలు చేశాం. వారానికి ఒక కయ్య కోస్తాం. కోసిన కయ్యకే ఆ వారం స్లర్రీ. 49 రోజులకు మళ్ళీ మొదటి కయ్యకు వస్తుంది.

1. సాయంత్రం పూటే పారించండి. ఎండలో పారిస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ముక్కులు మండే ఆ వాసన మన ఎరువే.
2. ముందు బోరు నీళ్ళు వదలండి. కయ్య సగం తడిసాక స్లర్రీ పైపు కాలవలో పెట్టండి. పొడి నేలమీద వదిలితే పేడంతా మడవ దగ్గరే పేరుకుంటుంది.
3. పొలం వాల్వు కొంచెమే తెరవండి, మిగతాది గుంటలోకి తిరగనివ్వండి. ఒక వంతు స్లర్రీకి పది వంతుల దాకా నీళ్ళు కలిసేలా చూసుకుంటాను.
4. చివరి అరగంట ఉత్త నీళ్ళు పారించండి. కాలవ కడిగినట్టూ అవుతుంది, పేడ సాళ్ళ చివరిదాకా పోతుంది.

వాన వచ్చేలా ఉంటే పారించొద్దు. కోతకు వచ్చిన టమాటాకు, ఆకుకూరలకు పేడనీళ్ళు వద్దు. ఆ పొలాలకు దుక్కికి ముందే పారిస్తాను. షెడ్డులో ఫినాయిల్ పోసిన రోజు, యాంటీబయాటిక్ వేసిన ఆవు పాలు పారబోసే రోజు ఆ నీళ్ళు గుంటలోకి రానివ్వను.

ఇది జీవామృతం కాదు, ఆ రెండూ కలిపి చూడొద్దు. జీవామృతం నాటు ఆవు పేడతో డ్రమ్ములో వేరుగా చేసుకుంటున్నా. స్లర్రీ అంటే పారే పశువుల ఎరువు, అంతే.

నా తప్పు ఒకటి

మొదట్లో పైపు 30 మీటర్లే కొన్నాను. అందుకని దగ్గర కయ్యకే మూడు వారాలు వరసగా వదిలాను. గడ్డి నల్లగా ఏపుగా పెరిగి, గాలికి పడిపోయింది. దూరం కయ్య పసుపుగానే ఉంది. నత్రజని ఎక్కువైన నేపియర్‌లో నైట్రేటు పేరుకుని పశువులకు హాని చేస్తుంది కూడా. పైపు దగ్గర పొదుపు చేయకండి.

గ్యాసు: ఇది మాత్రం మరిచిపోవద్దు

ఒకసారి పంపు ఆగింది. మా దగ్గర పనిచేసే పిల్లోడు "నేను దిగి తీస్తాలే అన్నా" అని మూత తీసి కాలు లోపల పెట్టాడు. అంతకు ముందే పది నిమిషాలు స్లర్రీ కలిపాం. మా ఇంటామె చూసి కేక పెట్టి చెయ్యి పట్టుకుని లాగింది. అప్పటికి నాకు కూడా తెలియదు. నిలవున్న స్లర్రీని కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు లేస్తుంది. అది గాలికన్నా బరువు, గుంటలోనే ఉంటుంది. తక్కువ ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, కొన్ని ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. కాపాడదామని దిగిన రెండో మనిషీ పోతాడు. గుంటల్లో ఒకరి వెనక ఒకరు చనిపోవడం ఇలాగే జరుగుతుంది.

అందుకే మా షెడ్డులో ఇప్పుడు ఇవి నియమాలు:

- ఎవరూ, ఎందుకూ గుంటలో దిగకూడదు. పంపును గొలుసుతో కట్టాం, పైన కప్పీ పెట్టాం. చెడిపోతే పైకి లాగే బాగుచేస్తాం.
- కలిపేటప్పుడు గుంట మీదకి వంగకూడదు. దగ్గర బీడీ, నిప్పు వద్దు, మీథేను అంటుకుంటుంది.
- సిమెంటు మూతలు ఎప్పుడూ వేసే ఉండాలి. పిల్లలు, దూడలు తిరిగే చోటు.
- తడి చోట కరెంటు కాబట్టి ఎర్తింగు, ఈఎల్‌సీబీ తప్పనిసరి.

ఖర్చు

- వరలు, మూతలు, బాడుగ: 13,500
- తవ్వకం, కాంక్రీటు, కూలి: 9,000
- కాలవ, జాలీ, పీవీసీ పైపులు, వాల్వులు: 4,500
- సెకండ్ హ్యాండ్ మడ్ పంపు: 11,000
- ఫ్లాట్ పైపు: 7,000
- స్టార్టరు, వైరు, ఈఎల్‌సీబీ: 4,000

మొత్తం 49,000 రూపాయలు. కప్పీ, గొలుసు తర్వాత 1,200కు వచ్చాయి. అన్నిటికన్నా ముందు కొనాల్సింది అదే, నేను చివర కొన్నాను.

గడ్డికి బయట ఎరువు కొనడం ఆపేశాను. మొన్న ఎండల్లో పక్క పొలం అన్న బావి పూడిక తీయించి, కొత్తగా ఊరిన నీళ్ళు చెంబుతో తెచ్చి, "వాసన చూడు తమ్ముడూ" అన్నాడు. వాసన లేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

మీ షెడ్డులో ఎన్ని పశువులు, పొలం మెరకా పల్లమా రాయండి. గుంట కొలత కలిసి లెక్కేద్దాం.