క్లారినెట్‌లో గండి

కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు కదిలే దారిలోనైనా, లగ్నసరి రోజుల్లో రాజోలు, కొత్తపేట వీధుల్లోనైనా బ్యాండు మేళం వస్తే పాట ఎత్తుకునేది క్లారినెట్టే. డప్పుల మోతను దాటి వినబడే ఆ నల్లని గొట్టంలో ఒక గండి ఉంది. దాన్ని పూడ్చడానికి పనివాళ్ళు మూడు వందల ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు.

సన్నాయి గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఊపిరి బిగించి ఊదితే అదే వేళ్ళ పట్టుమీద పై స్థాయి స్వరం పలుకుతుంది. క్లారినెట్ గొట్టం దాదాపు ఒకే లావు, రీడు ఉన్న కొస మూసినట్టే లెక్క. అందుకని అది మూడు రెట్ల కంపనానికి ఎగురుతుంది: మంద్ర షడ్జం పట్టుమీద మధ్య స్థాయి పంచమం వస్తుంది! ఆ మధ్య స్వరాలన్నిటికీ వేళ్ళు చాలవు. రంధ్రాలకు మూతలైన కీలు పుట్టింది అందుకే.

నురెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ 1700 ప్రాంతంలో చేసిన వాద్యానికి రెండే కీలు. 18వ శతాబ్ది చివరికి అవి ఐదయ్యాయి. ఇంగ్లండులో ఆరో కీని చాలామంది ట్రిల్ కోసమే పెట్టించుకున్నారు. ట్రిల్ అంటే పక్కపక్క స్వరాల్ని చకచకా మార్చి మార్చి పలికించడం. 1812లో ఇవాన్ ముల్లర్ 13 కీల దాకా తెచ్చాడు. 1839లో పారిస్‌లో క్లోజే, బఫే కలిసి 17 కీలు, 6 ఉంగరాలతో చూపించినదే నేడు ఎక్కువగా వాడే వాద్యానికి మూలం.

ఇక గండి సంగతి. వేళ్ళన్నీ ఎత్తేస్తే, పాశ్చాత్య పేర్లలో చెప్పాలంటే, జి స్వరం. దానిపై ఎ, బి-ఫ్లాట్‌లకు కీలున్నాయి. ఆ తర్వాతి బికి మాత్రం రంధ్రాలన్నీ మూసి, స్వరాన్ని మూడు రెట్లకు ఎగరేసే స్పీకర్ కీ నొక్కాలి. ఎ నుంచి బికి ట్రిల్ కొట్టాలంటే రెండు చేతుల వేళ్ళన్నీ ఒక్కసారిగా పడి లేవాలి, అది ఎవరి తరమూ కాదు. అందుకే వాదకుడు ఎ మీదే నిలిచి కుడి చూపుడువేలితో పక్క ట్రిల్ కీలు ఆడిస్తాడు. శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా ఆ వేగంలో చెవి సర్దుకుంటుంది.

మన సంగీతానికి కష్టం ఇంకా లోతైనది. గమకం రెండు మెట్ల మధ్య జారుడు. కీ మూతకు తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప జారడం రాదు. తోడి రాగమే చూడండి. జిని షడ్జం చేసుకుంటే గాంధారం బి-ఫ్లాట్, మధ్యమం సి. తోడికి ప్రాణమైన ఆ గాంధార కంపితం సరిగ్గా గండిలో పడుతుంది. సిని షడ్జం చేసుకుంటే గాంధారం గండికి చాలా దిగువన, హాయిగా ఊగుతుంది. ధైవత, నిషాదాలు కూడా ఇవతలి ఒడ్డునే ఉంటాయి. గండి నిషాదానికీ తారా షడ్జానికీ మధ్యకు జరుగుతుంది. నా మటుకు షడ్జం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలోనే సగం విద్వత్తు ఉంది.

నాదస్వరం నుంచి వచ్చిన తిరుచ్చి విద్వాంసుడు ఎ.కె.సి. నటరాజన్, 2022 పద్మశ్రీ, ఈ వాద్యంమీదే నిండు కచేరీలు చేశారు. మన మేళగాళ్ళ వేళ్ళలోనూ ఇలాంటి ఉపాయాలెన్నో ఉన్నాయి, అవి కాగితంమీదికి రాలేదు. అమలాపురం చుట్టుపక్కల క్లారినెట్ పట్టే కుర్రాళ్ళు తమ గురువుగారిని కూర్చోబెట్టి, ఏ రాగానికి ఏ పట్టో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.