కంప్యూటరు కొట్టు కబుర్లు – మన సంఘపు లెక్కల సంగతి



ఈసారి నూలు ధరలు, పట్టు ధరలు పక్కన పెట్టి వేరొక సంగతి వ్రాస్తున్నాము. బరంపురములో మన సంఘ కార్యాలయమునకు నాలుగు అంగల దూరములో ఒక చిన్న ఎలక్ట్రానిక్సు కొట్టు ఉన్నది. ముందు గదిలో బల్బులు, స్విచ్చులు, సెల్‌ఫోను ఛార్జర్లు అమ్ముతారు. వెనుక గదిలో కంప్యూటర్లు బాగుచేస్తారు. యజమాని కాక పనివారు ముగ్గురే. ఆ కొట్టులో మేము నేర్చుకొన్నది కొంత ఉన్నది, నేర్చుకొనక ముందు పోగొట్టుకొన్నది కొంత ఉన్నది. తప్పు మాదే గనుక దాచుటకు ఏమీ లేదు. మరొక సంఘము అదే తప్పు చేయకుండ ఉండవలెనని రెండూ చెప్పుచున్నాము.

తడిసిన చిట్టా, చెడిన పెట్టె

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరము దాటిన సంగతి మన గంజాము జిల్లా వారు ఎవరూ మరచిపోలేరు. ఆ రాత్రి కార్యాలయపు పెంకులు లేచిపోయి చిట్టా, ఆవర్జా తడిసి ముద్ద అయినవి. సిరా కారిపోయి, ఎవరి అంకె ఎవరిదో తెలియకుండ పోయినది. వాటిని ఎండలో పెట్టి, ఒక్కొక్క కాగితమే విడదీసి, మరల వ్రాసుకొనుటకు మాకు ఆ చలికాలమంతా పట్టినది.

ఆ బాధ పడలేక మరుసటి సంవత్సరము కంప్యూటరు కొన్నాము. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత బిల్లులు, రిటర్నులు అన్నీ దానిలోనే. క్రమముగా నూలు పంపిణీ లెక్క, కూలి లెక్క, చివరకు సభ్యుల పొదుపు నిధి లెక్క కూడ అందులోకి చేరినవి. చేతి వ్రాత చిట్టా మానివేసినాము. ఇక వాన తడపదు, చెద పట్టదు అని ధీమాగా ఉన్నాము.

2023 శ్రావణములో ఒక ఉదయము స్విచ్చి వేయగా పెట్టెలో నుండి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చినది. తెర మీద రెండు ఇంగ్లీషు ముక్కలు కనిపించి ఆగిపోయినది. ఆపి మరల వేసినాము. ఒకసారి కాదు, ఏడెనిమిది మార్లు వేసినాము. పిదప కొట్టునకు కబురు పంపగా అక్కడి పెద్ద మెకానిక్కు వచ్చి, చెవి ఒగ్గి విని, వెంటనే ప్లగ్గు ఊడదీసినాడు.

ఆయన చెప్పినది ఇది. లోపల ఉన్న డిస్కు గ్రామఫోను ప్లేటు వంటిది. నిమిషమునకు 7200 చుట్లు తిరుగుతుంది. దాని మీద చిన్న ముల్లు వంటిది తగిలీ తగలనంత ఎడముగా నిలిచి లెక్కలు చదువుతుంది. ఆ ముల్లు చెడినప్పుడు వచ్చేదే ఈ టిక్కు టిక్కు. అప్పుడు స్విచ్చి వేసిన ప్రతిసారి ప్లేటు మీద గీత పడవచ్చును. ఒక్కసారి వేసి ఆపి ఉంటే పెద్ద పట్టణములోని ప్రయోగశాలవారు కొంతైనా బయటకు తీయగలిగేవారేమో, ఇప్పుడు ఆశ తక్కువ అన్నాడు. "నకలు ఉన్నదా?" అని అడిగినాడు. ఉన్నదని గర్వముగానే చెప్పినాము. ఎక్కడ అన్నాడు. అదే కంప్యూటరులో, 'నకలు' అని పేరు పెట్టిన సంచిలో అన్నాము.

ఆయన నవ్వలేదు. "చిట్టా, చిట్టా నకలు ఒకే బీరువాలో పెట్టినారు. బీరువా కాలిపోతే ఏది మిగులుతుంది బాబూ?" అన్నాడు.

ముసలమ్మ గారి పాసుబుక్కు

ఆ వారములోనే ఒక ముసలమ్మ గారు కార్యాలయమునకు వచ్చినారు. ఆమె భర్త మన సంఘములో ముప్పది ఏండ్ల పైబడి పట్టు నేసిన సభ్యుడు, ఆషాఢములో పోయినాడు. ఆయన పొదుపు సొమ్ము ఇస్తే మనుమరాలి కాలేజీ ఫీజు కట్టవలసి ఉన్నది. మాకు ముఖము ఎత్తుటకు లేకపోయినది. రెండు వారములు ఆగమన్నాము. కంప్యూటరు చెడినది, ఎంత నిలువ ఉన్నదో తెలియదు అని చెప్పినాము.

ఆమె గుడ్డ సంచిలో నుండి పాసుబుక్కు తీసి బల్ల మీద పెట్టినారు. "మీ పెట్టెలో పోతే పోయింది బాబూ. ఇది మీ చేత్తో మీరు మా ఇంటాయనకు రాసిచ్చిందే కదా! ఇందులో లేదా?" అన్నారు.

అప్పటికి గాని మాకు తట్టలేదు. మేము పెట్టుకొనని నకలు సభ్యుల ఇండ్లలో, దేవుడి గూటిలో, ట్రంకు పెట్టె అడుగున భద్రముగా ఉన్నది. ఆ సాయంత్రమే వీధి వీధికి మనిషిని పంపి పాసుబుక్కులు తెప్పించినాము. కార్యవర్గ సభ్యులు ఇద్దరు చదువుచుండగా మేము వ్రాసినాము. బ్యాంకు స్టేట్‌మెంటుతో మొత్తములు సరిచూసినాము. ముసలమ్మ గారికి పన్నెండవ రోజున సొమ్ము ముట్టినది.

కాని అందరి లెక్క అంత సులువుగా తేలలేదు. కొందరు ఆరు నెలలు, ఏడాది పాసుబుక్కు తేకుండ, కంప్యూటరులో ఉన్నది గదా అని ఊరుకొన్నారు. వారిని అట్లు అనుకొననిచ్చినది మేమే. వారి విషయములో వారి మాటనే లెక్కగా తీసికొనుటకు కార్యవర్గము తీర్మానించినది. ఒక్కరు కూడ అబద్ధము చెప్పినారని మేము అనుకొనుట లేదు. అయినప్పటికి సభ్యుని నోటి మాట మీద సంఘపు లెక్క ఆధారపడుట సంఘమునకు గౌరవము కాదు.

ఇప్పుడు మేము పాటించే పద్ధతి

కొట్టువారు చెప్పిన సూత్రము చిన్నది: నకళ్ళు మూడు, సాధనములు రెండు రకములు, ఒక నకలు వేరే కప్పు క్రింద.

కంప్యూటరులోనిది మొదటిది. బయట తగిలించే డిస్కులు రెండు కొన్నాము. ప్రతి శనివారము సాయంత్రము ఒక డిస్కులోనికి నకలు తీసి, అది అధ్యక్షుల వారి ఇంటికి పంపుతాము. వారి ఇంట ఉన్న రెండవది కార్యాలయమునకు వస్తుంది. నకలు తీయగానే డిస్కు ఊడదీయవలెను. తగిలించి ఉంచితే, కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము దూరి లెక్కలకు తాళము వేసి డబ్బు అడిగిన నాడు, ఆ డిస్కునకు కూడ తాళము పడుతుంది. ఇక రెండవ రకపు సాధనము కాగితము. నెలాఖరున పొదుపు నిధి పట్టీ అచ్చు తీసి, సంతకము పెట్టి, ఫైలులో కుట్టుచున్నాము.

ఒక మాట ముఖ్యము. నకలు తీసినామని తృప్తి పడకూడదు. నెలకు ఒకమారు ఆ డిస్కును వేరే కంప్యూటరులో పెట్టి ఫైలు తెరిచి చూడవలెను. తెరిచి చూడని నకలు, విప్పి చూడని నూలు చిలప వంటిది. లోపల చిక్కు ఉన్నదో లేదో ఎవరికి తెలుసు?

ఇంటికి, సంఘమునకు పనికివచ్చే సూచనలు

1. నూగు. మన ఇండ్లలో నూలు నూగు గాలిలోనే ఉంటుంది. అది కంప్యూటరు ఫ్యానులో చేరి పీచు కట్టి వేడి పెంచుతుంది. రెండు నెలలకు ఒకసారి ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో గాని గాలి పంపుతో గాని దులపవలెను. గాలి కొట్టునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టి ఉంచండి. తడి గుడ్డ వాడరాదు.

2. కరెంటు. యు.పి.ఎస్. ఇచ్చే పది నిమిషములు పని ముగించి కంప్యూటరు ఆపుటకే, పని సాగించుటకు కాదు. దాని బ్యాటరీ సాధారణముగా రెండు మూడు ఏండ్లకు బలహీనపడుతుంది. ఉరుములు మొదలుకాగానే కరెంటు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్టు తీగ కూడ తీయండి. పిడుగు దెబ్బ ఆ దారిన కూడ రాగలదు.

3. తేదీ వెనక్కు పోవుట. స్విచ్చి వేసినప్పుడెల్ల కంప్యూటరు ఏనాటిదో పాత తేదీ చూపితే భయపడవద్దు. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సి.ఆర్. 2032 అని అడిగితే ఏ కొట్టులోనైనా ఇస్తారు. కాని వెంటనే మార్చండి, లేనిచో బిల్లుల మీద తేదీలు తప్పుతవి.

4. పాత విండోస్. విండోస్ 10 కు సాధారణముగా వచ్చే భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. అది ఉన్న కంప్యూటరును పారవేయనక్కరలేదు. బ్యాంకు పని, జి.ఎస్.టి. పని దానిలో చేయక, ఇంటర్నెట్టు తీసివేసి డిజైన్లకు, టైపునకు వాడుకొనవచ్చును. ఖర్చు లేని లినక్సు వేయించుకొనుట మరొక దారి.

5. మూడు లిపులు. మనకు ఇంట తెలుగు, కచేరీలో ఒడియా, బ్యాంకులో ఇంగ్లీషు. షోలాపూరు వారికి మరాఠీ, కంచి వారికి తమిళము. విండోస్ సెట్టింగులలో ఈ భాషల కీబోర్డులు ఒకసారి చేర్చుకొంటే, విండోస్ గుర్తు మీట, పొడుగు మీట కలిపి నొక్కగా లిపి మారుతుంది. యూనికోడ్‌లో టైపు చేసినదే ఏ ఊరి కంప్యూటరులోనైనా సరిగా కనిపిస్తుంది. పాత ఫాంటులతో కొట్టినది అవతలివారికి ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలుగా పోతుంది.

6. చీరల ఫోటోలు. ఉదయపు వెలుతురులో, ఎండ నేరుగా పడకుండ తీయండి. వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే వివరము తగ్గకుండ పోతుంది. అంచు మీది కుంభము పోగు పోగు కనిపిస్తుంది.

7. మోసములు. సరుకు కొంటాము, డబ్బు పంపుతున్నాము, ఈ బొమ్మ స్కాను చేసి పిన్ను కొట్టండి అని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పుచ్చుకొనుటకు యు.పి.ఐ. పిన్నుతో పని లేదు. పిన్ను కొట్టుట మన సొమ్ము ఇచ్చుటకే. ఓ.టి.పి. ఎవరికీ చెప్పరాదు. తెలియనివారు పంపిన యాప్ ఫోనులో ఎక్కించరాదు. సొమ్ము పోతే సిగ్గుపడి కూర్చొనక వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

కొట్టు సిబ్బంది వార్తలు

పెద్ద మెకానిక్కు గారికి కంటి శుక్లముల ఆపరేషను సుఖముగా జరిగినది. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, కంప్యూటర్ల వరకు వచ్చిన చేయి ఆయనది. ఇకమీదట ఉదయము పూట మాత్రమే కొట్టులో ఉంటారు. సన్నని టంకము పనులు ఉన్నవారు మధ్యాహ్నము లోపల వెళ్ళగలరు.

కౌంటరు దగ్గర ఉండే కుర్రవాడు సూరత్ వెళ్ళినాడు. అన్నగారు అక్కడ పవర్‌లూములో ఉన్నాడట. మన జిల్లా నుండి ఆ దారిన పోయినవారి సంఖ్యలో అతడు ఒకడు. క్షేమముగా ఉండవలెనని కోరుచున్నాము.

అతని స్థానములో కాదు గాని, వెనుక గదిలో పెద్దాయన పక్కన స్టూలు వేసికొని ఒక అమ్మాయి పనిలో చేరినది. మన సభ్యుని కుమార్తెయే. ఐ.టి.ఐ.లో కంప్యూటరు హార్డ్‌వేరు చదివినది. పేరు అచ్చు వేయవద్దన్నది గనుక వేయుట లేదు. ఆడపిల్ల రిపేరు కొట్టులో కూర్చొనుట ఏమిటని మనలోనే కొందరు అన్నారు. తండ్రి జకార్డు మగ్గము మీద ఉన్నవాడు. "నా తరువాత మగ్గం ఎవరు ఎక్కుతారో తెలియదు. దాని చేతిలో ఒక పని ఉంటే చాలు" అని మాతో అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు.

ఆ అమ్మాయినే ఒకనాడు అడిగినాము, ఈ విద్య నీకెట్లు పట్టుబడినదమ్మా అని. "మావయ్యగారూ, మా నాన్న అట్టలు కుట్టడం చూస్తూనే కదా పెరిగాను. అట్టలో చిల్లు ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఇక్కడా అంతే, ఉన్నది, లేదు, ఆ రెండే" అన్నది. ఆమె అన్నది నిజమే. ఫ్రాన్సులో జకార్డు 1804లో చిల్లుల అట్టల మగ్గము చేసినాడు. ఆ అట్టలను చూచియే ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రమునకు అట్టలు తలపెట్టినాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు హోలరిత్ చేసిన చిల్లుల అట్టల యంత్రముతోనే కూడినారు. కంప్యూటరు మన గడపలోనికి వచ్చిన పరాయి చుట్టము కాదు. మగ్గము వైపు బంధువే.

ఈ అమ్మాయి ప్రతి రెండవ శనివారము మధ్యాహ్నము సంఘ కార్యాలయమునకు వచ్చి రెండు గంటలు కూర్చొనుటకు యజమాని ఒప్పుకొన్నారు. సభ్యులు ఫోనులో గాని కంప్యూటరులో గాని సందేహములు ఉంటే వచ్చి అడగవచ్చును. పిల్లలను కూడ తీసికొని రండి.

సభ్యులకు విన్నపము

ఈ నెలాఖరు లోపల ప్రతి సభ్యుడు పాసుబుక్కు తెచ్చి, లెక్క వ్రాయించుకొని, మా సంతకము చూచుకొని తీసికొని వెళ్ళవలెను. కంప్యూటరులో ఉన్నది గదా అనవద్దు. మేము అట్లు అన్నా మీరు ఒప్పుకొనవద్దు. సంఘపు డిస్కులు రెండు, కాగితపు ఫైలు ఒకటి మా బాధ్యత. మీ ఇంటి గూటిలోని పుస్తకము మీ బాధ్యత.

ఇట్లు,
కార్యదర్శి