ఎత్తు కాదు, బరువు చూడండి

భద్రాచలం అడవి అంచున మంచు ఊసేంటి అంటారా? చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ గురుకులంలో చదువుతూనే, 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్ట్ ఎక్కాడు. కాబట్టి గుల్‌మార్గ్ వెళ్లి స్నోబోర్డింగ్ నేర్చుకుంటానని మీరంటే ఎవరూ నవ్వక్కర్లేదు. 2020లో మొదలైన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో అదీ ఒక పోటీయే. కానీ సరిపడని బోర్డు దొరికితే ఇంట్లో అడిగి కట్టిన ఫీజంతా మంచుపాలే.

మీరు ఆరడుగులు, 60 కిలోలు అనుకుందాం. బోర్డు నిలబెడితే గడ్డానికో ముక్కుకో రావాలని ఎవరో ఒకరు చెబుతారు. ఆ లెక్కన 160 సెంటీమీటర్లది అంటగడతారు. అది వద్దు. బోర్డును వంచేది మీ బరువు, ఎత్తు కాదు. వంగని బోర్డు మాట వినదు. కంపెనీల సైజు పట్టికల్లోనూ ముందు చూడాల్సింది కిలోలే. మీకు 150-154 మధ్య, కాస్త మెత్తగా వంగేది చాలు. లోతైన మంచులో తిరిగే రోజు వస్తే రెండు మూడు సెంటీమీటర్లు పెంచుకోవచ్చు.

పొడగరులకు అసలు చిక్కు పాదాలతో. బూటు పదో నంబరుకు చేరితే కొనలు బోర్డు దాటి బయటికొచ్చి, మలుపులో మంచుకు రాసుకుంటాయి. పడ్డారే! అదే పొడవులో ‘వైడ్’ అడగండి, నడుము దగ్గర 26 సెంటీమీటర్లకు అటూఇటూ ఉండేది. పొడవు కాళ్లు కదా, బైండింగ్‌లు ఎడంగా బిగించే వీలుందో లేదో కూడా చూడండి.

ఆకారమంటారా, కొత్తవాళ్లకు రెండు కొసలూ ఒకేలా ఉండే ట్విన్ నయం. మొదటి సీజన్‌కు కొనొద్దు, అద్దెకు తీసుకోండి. తిరగనని మొరాయిస్తే మొదటిరోజే మార్పించుకోండి.